పురిటింట్లో మాయమైన ఇనుము

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం, ఎండాకాలం. భువనగిరి కోటగుట్ట దూరంగా కనిపించే ఒక ఊళ్లో చిన్న ప్రైమరీ హెల్త్ సెంటర్ ఉండేది. రెండు గదులు, ఒక వరండా, ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, మిడ్‌వైఫ్‌గా నేను. మిడ్‌వైఫ్ అంటే కాన్పులు చేసే నర్సు. నా పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినిపించేది కాదు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నేను నర్సమ్మనే. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు, ఉద్యోగంలో ఏడేళ్ల అనుభవం, దానికి రెండింతల గర్వం. నోరు కూడా పెద్దదే. అది ఇప్పటికీ తగ్గలేదనుకోండి.

ఆ రోజుల్లో కాన్పులు ఇళ్లలోనే అయ్యేవి. కాన్పు చేసి, చేతులు కడుక్కొని వచ్చేస్తే పని అయిపోదు. పది రోజులపాటు రోజూ ఆ ఇంటికి పోయి చూసిరావాలి. దాన్ని హోమ్ విజిట్ అనేవాళ్లం. తల్లికి జ్వరం ఉందా, నాడి ఎట్లా ఉంది, పాలు పడ్డాయా, లోకియా అంటే కాన్పయ్యాక పోయే మైల వాసన వస్తోందా, బిడ్డ బొడ్డు ఎండిందా, అన్నీ కేసు కార్డులో గళ్ల వారీగా రాయాలి. గళ్లన్నీ నింపితే తల్లీబిడ్డా క్షేమమని నా లెక్క.

హెల్త్ సెంటర్‌కు మైలున్నర దూరంలో నేతపనివాళ్ల వాడ ఒకటి ఉంది. అక్కడ అండాలు అనే పిల్లకు మొదటి కాన్పు చేశాను. పందొమ్మిదేళ్ల పిల్ల, కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పుట్టిల్లు అంటే తల్లి రాములమ్మ ఒక్కతే. తండ్రి పోయి నాలుగేళ్లయింది. ఆయన నేసిన గుంటమగ్గం ముందు గదిలో అట్లాగే ఉంది, నూలుపోగు లేకుండా బోడిగా. నేసేవాళ్లు కాళ్లు దించుకునే గుంట మీద పాత చాప ఒకటి కప్పి ఉండేది. రాములమ్మ ఇరుగుపొరుగు మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికేది. అల్లుడు బిక్షపతిది చౌటుప్పల్ వైపు ఊరు, అతనిదీ నేతపనే.

కాన్పు సుఖంగా అయింది. ఆరు పౌన్ల ఆడపిల్ల, పుట్టగానే వాడంతా వినబడేలా ఏడ్చింది. మర్నాడు పోయి చూద్దును కదా, బాలింత తలాపున, గుడ్డ కింద ఒక కొడవలి. తుప్పుపట్టి ఎర్రగా ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా గిది? పసిబిడ్డ తలకాడ తుప్పు కొడవలి పెడ్తరా? ధనుర్వాతం వస్తే ఎవలు జవాబు?" అన్నాను రాములమ్మతో.

"ఇనుముంటే గాలి రాదు నర్సమ్మా. పచ్చి బాలింత, పసిగుడ్డు. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెల్వదు," అంది ఆమె, నా మీద జాలిపడుతున్నట్టు.

గాలి అంటే దయ్యం, పేరు పెట్టి పిలవరు. నేను వినిపించుకోలేదు. కొడవలి తీసి బయట గోడ చీలకు తగిలించి, ఒక మూఢనమ్మకాన్ని ఓడించానన్న సంబరంతో ఇంటికి పోయాను.

నాలుగో రోజు ఆ చీలకు కొడవలి లేదు. ఎవరో గడ్డికి పట్టుకపోయి ఉంటారనుకున్నారు. ఐదో రోజు కత్తిపీట కనబడలేదు. ఆరో రోజు పొయ్యి ఊదే గొట్టం, పట్కారు, దారం తెంపుకునే చిన్న చాకు పోయాయి. ఏడో రోజుకు సూదులు కూడా లేవు. ఇంట్లో ఇత్తడి చెంబులు, రాగి బిందె, అండాలు మెడలో పుస్తె, ఏవీ కదల్లేదు. పోయిందల్లా ఇనుమే.

వాడలో ఆడవాళ్లు దీనికి ఒక అర్థం చెప్పారు. ఇనుముకు భయపడేది ఏదో లోపలికి వచ్చింది, వచ్చి తనకు భయమైనవాటిని ఒక్కొక్కటే ఏరి పారేస్తోంది, ఇనుమంతా అయిపోయాక బిడ్డ మీదికి పోతుంది. ఆ మాట విన్నాక నాకు కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఇంటి గడప దాటేటప్పుడు వెన్నులో జలదరించేది. పక్కింటివాళ్లు రావడం మానేశారు. తలుపులు మూసి, వెల్లుల్లి పొట్టు పొగ వేసి, లోపల నట్టింట్లో పట్టపగలే చీకటి.

ఆ చీకట్లో అండాలు ఒక మూలన, బిడ్డ ఇంకో మూలన ఉండేవాళ్లు. పాలివ్వడానికి తీసుకునేది, తాగడం కాగానే నిప్పు తగిలినట్టు కింద పడుకోబెట్టి తన చేతులు చంకల్లో దాచుకునేది. నేను పోయిన ప్రతిసారీ ఒకటే మాట.

"నర్సమ్మా, బిడ్డ ఒంటి మీద ఏమన్న గాటున్నదా, జర జూడు."

"ఏం లేదే పిల్లా."

"గుడ్డ ఇప్పి జూడు. మెడ కింద జూడు."

చూసేదాన్ని. లేదనేదాన్ని. సంచి సర్దుకునేలోగా మళ్లీ అడిగేది. తొలిచూలు తల్లి, ముద్దు ఎక్కువ అనుకొని నవ్వుకున్నాను. కార్డు మీద "పాలు బాగున్నాయి" అని రాసుకున్నాను.

"నువ్వు కొడవలి తీసిన దినం సంది షురూ అయింది ఇదంత," అంది రాములమ్మ ఏడో రోజు. అరవలేదు. మెల్లగా, తీర్పు చెప్పినట్టు అంది. ఆ మాట నాకు ములుకులా గుచ్చుకుంది. సరే, ఇనుమే కదా కావలసింది అని, బొడ్డు కోసే నా కత్తెరను నీళ్లలో మరిగించి, శుభ్రమైన గుడ్డలో చుట్టి అండాలు తలగడ కిందికి తోశాను. తుప్పు లేదు, పెద్దావిడ మనసూ నిమ్మళం. రెండు పక్షాలనూ మెప్పించానని మురిసిపోయాను. అండాలు మొహంలో నెత్తురు చుక్క లేదు. అది కూడా బాలింత నీరసమే అనుకున్నాను. ఎంత తెలివో చూడండి.

మర్నాడు ఆ కత్తెరా లేదు.

సర్కారు కత్తెర పోయేసరికి నా భయం పోయి కోపం వచ్చింది. దయ్యం గియ్యం జానేదేవ్, పోతే పోనీ అని ఇల్లంతా వెతకడం మొదలుపెట్టాను. ముందు గదిలో మగ్గం గుంట మీది చాప మీద కాలు పడింది. కింద ఏదో ఖంగుమంది. చాప లాగాను.

గుంట అడుగున చిన్న చిన్న మూటలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని పాత చీర గుడ్డలో చుట్టి, చుట్టూ నూలు తిప్పి, ముడి మీద ముడి వేసి ఉంది. పసిబిడ్డల్ని చుట్టినట్టే చుట్టారు. మొదటి మూట కొడవలి. చివరన వేలెడంత మూట ఒకటి. విప్పి చూస్తే ఒకే ఒక్క సూది.

రాములమ్మ గుంట అంచున కూలబడింది. "గిది మనిషి చేసిన పని గాదు," అంది.

"నేనే పెట్టిన," అంది అండాలు, వెనక నుంచి.

రాములమ్మను బావి నీళ్లకు పంపాను. ఆమె పోయిందాకా ఆగి, అండాలు గోడవైపు తిరిగి చెప్పింది.

"ఆ కొడవలి జూసిన కాడికెల్లి నాకు గదే కనవడ్తాంది. నేను లేసినట్టు, అది తీసుకున్నట్టు, బిడ్డ మెడ..." అక్కడ ఆగింది. "కండ్లు మూసుకున్నా కనవడ్తాంది. వద్దంటే ఇంకింత గట్టిగ వస్తాంది. నాకు ఇష్టమై గాదు. నేను ఎసొంటిదాన్ని నర్సమ్మా? తల్లినేనా నేను?"

ఆ పిల్లను దగ్గరికి తీసుకొని, "ఛ, నువ్వట్ల చెయ్యవు. ఏం గాదు. ఏం గాదు బిడ్డా," అని ఇరవైసార్లు చెప్పి ఉంటాను. తర్వాత నాకు తోచిన గొప్ప పని చేశాను. ఆ మూటలన్నీ గోనెసంచిలో వేసుకొని నా గదికి మోసుకొచ్చాను. ఇంట్లో ఇనుము లేకపోతే భయమూ ఉండదు కదా.

ఒక రోజు బాగానే ఉంది. మర్నాడు పగిలిన కుండపెంకులు బయట పారేయమంది. ఆ సాయంత్రం రోకలి తీసేయమంది. ఆ తర్వాత తన చీర కొంగు చూసి భయపడడం మొదలుపెట్టింది, అది బిడ్డ మొహం మీద పడుతుందని. గంటకోసారి "నేను ఏం చెయ్య గద?" అని తల్లిని అడిగేది. తల్లి "చెయ్యవు బిడ్డా" అనేది. ఆ మాట బలం గంటసేపు కూడా నిలిచేది కాదు.

పదకొండో రోజు పొద్దున రాములమ్మ నా గుమ్మం ముందు నిలబడింది. "జర వచ్చి జూడు," అంది.

అండాలు మగ్గం గుంజకు చేరగిలబడి కూర్చొని ఉంది. రెండు మణికట్లకూ నూలు చుట్టి గుంజకు కట్టేసి ఉంది. నూలు చర్మంలోకి దిగి, చేతులు ఉబ్బి, వేళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి. రవికె రెండు వైపులా పాలకు తడిసి ఉంది. బిడ్డ మూలన ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతోంది.

"తలుపు గడియ లోపట వేసినట్టే ఉన్నది. ఎవలు కట్టినట్టు నర్సమ్మా?" అంది రాములమ్మ, ఆ ముడులు ముట్టుకోవడానికి భయపడి దూరంగా నిలబడి.

ముడులు చూశాను. దారం కొసలు తడిగా, నమిలినట్టు ఉన్నాయి. ఆ పిల్ల తన చేతులు తానే పళ్లతో కట్టుకుంది. ఇనుమంతా నేను మోసుకుపోయాను. ఆమెకు భయపడడానికి ఇక చేతులే మిగిలాయి. ఆ ముడులు విప్పుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

రాములమ్మ అప్పటికే ఒక నిర్ణయం చేసుకుంది. "అల్లునికి కబురు పెట్టిన. ఇరవై ఒకటో దినం తొట్టెల చేసినంక బిడ్డను ఆయన అక్క తీస్కపోతది. ఆమెకు పాలున్నయి. అండాలుకు ఇంక బిడ్డను చూపియ్య."

అండాలు ఆ మాటకు ఎదురు చెప్పలేదు. తలూపింది. కన్నీళ్లు మాత్రం ధారగా పోతున్నాయి. బిడ్డ తన దగ్గర లేకపోతే బతుకుతుందని ఆమె నమ్మింది. పది రోజుల్లో ఆ తల్లీబిడ్డలు విడిపోతారు, ఎన్నాళ్లకో, ఎప్పటికో. అందులో నా తెలివితక్కువతనం వాటా ఎంతో నాకు తెలుసు.

మా డాక్టరుది కొల్లాపూర్ వైపు. బక్కపలచని కుర్రాడు, మాట్లాడితే వినబడేది కాదు. నేను ఆయన్ని పెద్దగా లెక్కచేసేదాన్ని కాదు. కానీ హైదరాబాదులో మానసిక రోగుల దవాఖానలో ఆరు నెలలు పని చేసి వచ్చాడని విన్నాను. సంగతంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు.

"ఇనుము ఎవరు తీసుకపోయిండ్రు సిస్టర్?"

"నేనే సార్."

"ఊఁ," అన్నాడు.

సైకిలు మీద వెంటనే వచ్చాడు. అండాలును మూడు సంగతులు అడిగాడు. ఆ ఆలోచన ఎవరైనా చెవిలో చెబుతున్నట్టు వినిపిస్తుందా? లేదంది. బిడ్డ నీ బిడ్డ కాదని, ఎవరో మార్చారని అనిపిస్తుందా? లేదంది, ముక్కు తనదేనంది. అట్లా చేస్తే బిడ్డకు మంచిదని ఎప్పుడైనా అనిపించిందా? ఆ ప్రశ్నకు అండాలు రెండు చెవులూ మూసుకుంది.

బయటికి వచ్చాక ఆయన నాకు చెప్పాడు. "ప్యూర్‌పెరల్ సైకోసిస్ అని ఒకటుంటది, బాలింతకు వచ్చే ఉన్మాదం. అండ్ల మాటలు వినవడ్తయి, లేనిది నమ్ముతరు. అది నిజంగ ప్రమాదం, అసొంటామెను ఒక్క గంట గూడ ఒంటరిగ ఇడిచిపెట్టొద్దు, ఆ దినమే దవాఖానకు పంపాలె. ఇది అది గాదు. దీన్ని అబ్సెషనల్ న్యూరోసిస్ అంటరు. అక్కరలేని ఆలోచన వచ్చి అతుక్కుంటది. బావి గట్టు మీద నిలవడితే, దుంకితే ఏమైతది అని మీకు ఎన్నడు రాలేదా?"

వచ్చింది. కోటగుట్ట మీద నిలబడినప్పుడు వచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

"మనకు వచ్చి పోతది. ఆమెకు వచ్చి పోతలేదు. ఎందుకంటే ఆమె దాన్ని చూసి అంతగనం భయపడ్తాంది. భయపడి ఇనుము దాచింది, జర నిమ్మళమైంది. మల్ల భయమైంది, మీరు మోసుకపోయిండ్రు. ఒకటి తీసేస్తే భయం ఇంకోదాని మీదికి పోతది. మీరు 'ఏం గాదు, ఏం గాదు' అంటున్నరు చూడండి, అది గూడ ఇనుము దాచినట్టే."

"మందేముంది సార్?"

"దీనికి గట్టి మందు నాకు తెల్వదు. దవాఖానల ఒక ముసలి వార్డు సిస్టర్ ఒక పేషెంటు తాన కూసొని చేయించింది జూసిన. అది చేద్దాం. ఇనుమంత వాపస్ తేండ్రి."

మరుసటి రోజు నుంచి మొదలైంది. నూలుతో కట్టుకోవడం బంద్. బిడ్డ ఆమె ఒళ్లోనే ఉండాలి. "నేను ఏం చెయ్య గద?" అని అడిగితే ఎవరూ "చెయ్యవు" అనకూడదు. "తెల్వది, బిడ్డకు పాలియ్యి" అనాలి. ఆ మాట మొదటిసారి అన్నప్పుడు నా నోరు నాకే చేదయింది. రాములమ్మ నా వైపు చూసిన చూపుకు పచ్చగడ్డి భగ్గుమనేది. ఒక్కో ఇనుప వస్తువును అండాలే తన చేతులతో ముడి విప్పి బయటికి తియ్యాలి. బిడ్డ పక్కనే ఉండగా దాన్ని పట్టుకొని కూర్చోవాలి, భయం తనంతట తాను దిగేదాకా. దాచకూడదు, లేచి పోకూడదు.

మొదటి రోజు సూది. డాక్టరే దగ్గర కూర్చున్నాడు. ఒక్క సూది పట్టుకొని ఆ పిల్ల వణికిన వణుకు నేను పురిటి నొప్పుల్లో కూడా చూడలేదు. రవికె చెమటకు తడిసింది, పళ్లు కొట్టుకున్నాయి. గంటన్నరకు భుజాలు కొంచెం కిందికి దిగాయి. రెండో రోజు చాకు, మూడో రోజు కత్తెర. ఆ మూడు రోజులూ ఆయన వచ్చాడు. తర్వాత నా మీద వదిలేశాడు.

ఐదో రోజు కత్తిపీట వంతు. అండాలు బిడ్డను పక్కన చాప మీద పడుకోబెట్టి బీరకాయలు తరగాలి. నేను గడప మీద వీధివైపు తిరిగి కూర్చోవాలి. వెనక్కి చూడకూడదు. నేను కాపలా కాస్తున్నానని ఆమెకు అనిపిస్తే చేసిందంతా దండగని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

కూర్చున్నాను. వెనక బీరకాయ ముక్కలు పళ్లెంలో పడుతున్న చప్పుడు. వీధిలో ఎండ తప్ప పురుగు లేదు. కాసేపటికి బిడ్డ చిన్నగా మూలిగింది. ముక్కల చప్పుడు ఆగిపోయింది. మరుక్షణం బిడ్డ మూలుగూ ఆగిపోయింది. ఇక ఏ శబ్దమూ లేదు. కత్తిపీట చెక్క నేల మీద జరిగినట్టు గర్రుమని ఒక్కసారి వినిపించింది, మళ్లీ అంతే. నా వీపు మీద చెమట చల్లబడింది. అంతవరకు నేను చదివినదీ, డాక్టరు చెప్పిందీ అన్నీ ఎక్కడికో పోయాయి. వాడలో ఆడవాళ్ల మాట ఒక్కటే చెవుల్లో మోగింది.

తిరిగి చూశాను.

అండాలు కత్తిపీటను కాలితో పక్కకు జరిపి బిడ్డకు పాలిస్తోంది. నా కళ్లలోకే సూటిగా చూస్తోంది.

"నువ్వు గూడ గట్లనే అనుకున్నవ్ గద," అంది.

అబద్ధం చెప్పొచ్చు. మామూలుగా అయితే నా నోటికి అబద్ధం ఎంతసేపు. కానీ ఆ చూపు ముందు రాలేదు.

"అవు. భయమైంది," అన్నాను.

"మరి నాకేం జెప్తానవ్?"

"భయమైంది గని ఏమైంది? నువ్వు పాలిచ్చినవ్. భయం భయమే, పని పనే. రేపు గడప మీద గూడ కూసోను. బిడ్డను నీ తాన ఇడిచిపెట్టి బయటికి పోత."

ఆ రోజంతా అండాలు గోడవైపు తిరిగి ఏడ్చిందని రాములమ్మ చెప్పింది. నేను డాక్టరు ముందు తప్పు ఒప్పుకుంటే ఆయన తిట్టలేదు. "అయితే రేపు నిజంగనే బయటికి పొండి," అన్నాడు.

పోయాను. రాములమ్మను కూడా లాక్కుపోయాను. వాడ చివర బావి దాకా నడిచి, అరగంట నిలబడి వచ్చాం. ఆ అరగంటలో నేను మొక్కని దేవుడు లేడు. తిరిగి వచ్చేసరికి బీరకాయ ముక్కలు కాగితమంత పల్చగా తరిగి ఉన్నాయి. అండాలు జుట్టు నుంచి చెమట కారుతోంది. బిడ్డ నిద్రపోతోంది.

"వచ్చింది నర్సమ్మా. శాన సేపున్నది," అంది. కొంచెం ఆగి, తనకే నమ్మకం లేనట్టు, "పోయింది," అంది.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే బిక్షపతి వచ్చాడు. ఎడ్లబండి, బండిలో పరుపు, దాని మీద అతని అక్క. రాములమ్మ బిడ్డ గుడ్డలు అప్పటికే మూట కట్టి గడప దగ్గర పెట్టింది. తొట్టెల కట్టి బిడ్డను అందులో వేశారు, పాట పాడడానికి వాడలో ఎవరూ రాలేదు. నేనే నా కాకి గొంతుతో రెండు ముక్కలు పాడాను. అది కాగానే రాములమ్మ బిడ్డను ఎత్తుకోమని అల్లుడికి సైగ చేసింది.

"జర ఆగు," అంది అండాలు మొగుడితో. "నీకొక సంగతి జెప్పాలె. ఇన్నంక గూడ తీస్కపోతనంటే తీస్కపో."

చెప్పింది. కొడవలి దగ్గర మొదలుపెట్టి, చేతులు కట్టుకున్నదాకా, ఒక్కటి దాచకుండా. గోడవైపు తిరగలేదు.

"నర్సమ్మా, నా బిడ్డకు ఏం గాదని నువ్వు రాసిస్తవా?" అని నన్నడిగాడు.

"రాసియ్య. ఏ తల్లి గురించి గూడ నేను గట్ల రాసియ్య," అన్నాను. "దినాం బిడ్డను దీని తాన ఇడిచిపెట్టి మేమంత బయటికి పోతున్నం. గంతే జెప్పగలుగుత."

అతను పెండ్లాం వైపు తిరిగాడు. "ఇప్పుడు గూడ వస్తాందా నీకు?"

"వస్తాంది. రానీ. వచ్చి పోతాంది."

అతను బయటికి నడిచాడు. బండి దగ్గర అక్కతో చాలాసేపు మాట్లాడాడు. మాకు ఒక్క ముక్క వినబడలేదు. లోపల అండాలు బిడ్డను అంత గట్టిగా పట్టుకుంది, నేను వేళ్లు సడలించాల్సి వచ్చింది. తర్వాత అతను వంగి, ఎడ్ల మెడల నుంచి కాడి దించాడు.

రాములమ్మ అది చూసి గుడ్డల మూట మీదే కూలబడింది. "వద్దు బిడ్డా, పంపియ్యి. గిది పోదు. నాకెరుక," అంది.

"నీకెట్ల ఎరుక?" అంది అండాలు.

"నిన్ను కన్నంక నాకు గిదే. నాకు కొడవలి గాదు, గంజి. పడుగు నూలుకు పెట్టే గంజి కుతకుత ఉడుకుతాంటే, నిన్ను అండ్ల ఏసినట్టు కనవడేది. నెల దినాలు తట్టుకున్న. పాలు లేవని జెప్పి నిన్ను మా అక్కకిచ్చిన. పాలు లేకేం, కారిపోతుండె. గోడకు పిండుకున్న. మూడేండ్ల దాంక నిన్ను ఎత్తుకోలే. ఇంటికి తెచ్చుకున్ననాడు నువ్వు నన్ను చిన్నమ్మా అని పిలిచినవ్."

అండాలు బిడ్డను ఒళ్లో సర్దుకొని తల్లి వైపు తిరిగింది.

"నాకెందుకు జెప్పలే ఇన్నొద్దులు? నేనంటే ఇష్టం లేక ఇచ్చినవనుకున్న," అంది అండాలు.

"జెప్తే నిన్ను నా తానకు రానిస్తరా ఎవలన్న?"

"ఇప్పుడు గూడ కనవడ్తదా?"

రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గంజి కాసినప్పుడల్లా. ఇప్పుడు గీ పసిదాని మొకం," అంది.

పొయ్యి మీద ఆ పూట కూడా గంజి కాగుతోంది, పక్కింటి మగ్గం పడుగుకు. అండాలు లేచింది. బిడ్డను తీసుకుపోయి తల్లి ఒళ్లో పెట్టింది. పొయ్యికి నాలుగడుగుల దూరంలో ముక్కాలిపీట వేసి, "గీడ కూసో," అంది. "నేను, నర్సమ్మ బయటికి పోతం."

సూదితో మొదలుపెట్టాలి, మెల్లమెల్లగా పోవాలి, డాక్టరును అడగాలి, ఇట్లా ఒక్కసారే ఉడికే కుండ దగ్గర కూర్చోబెడతారా? చెప్పబోయాను. అండాలు నా చెయ్యి పట్టుకొని గుమ్మం దాటించింది. ఆమె మణికట్టు మీద నూలు కోసిన గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వీధిలో నిలబడ్డాం. బిక్షపతి మమ్మల్ని చూసి, ఏమైందని అడగబోయి, మా మొహాలు చూసి మానుకున్నాడు. నేను వెనక్కి తిరగలేదు. ఈసారి తిరగలేదు. ఎంతసేపయిందో చెప్పలేను, తల మీద ఎండ చురుక్కుమంటోంది. అండాలు పెదవి కొరుక్కుంటూ నేల చూస్తోంది.

లోపలి నుంచి రాములమ్మ గొంతు వినిపించింది.

"ఏం పోరివే నువ్వు, మంచి చీర అంత తడిపితివి."

అండాలు పూర్తిగా తేరుకోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు భయం తిరగబెట్టింది, మళ్లీ సూది నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు ఈ జబ్బును ఓసీడీ అంటున్నారు. మందులు వచ్చాయి, మేము తడుముకుంటూ చేసినదానికి ఒక పద్ధతీ పేరూ వచ్చాయి. ఆ కుర్ర డాక్టరు బదిలీ అయి పోయేటప్పుడు నేను ఏడ్చానంటే మా కాంపౌండరు చాలా ఏళ్లు నమ్మలేదు.

ఆ కేసు తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ హోమ్ విజిట్‌లో ఒక ప్రశ్న కలిపాను. జ్వరం, పాలు, బొడ్డు అన్నీ అయ్యాక, మిగతావాళ్లను ఏదో ఒక పని మీద బయటికి పంపి అడిగేదాన్ని. "బిడ్డ గురించి నువ్వు వద్దన్నా వచ్చే చెడు ఆలోచనలు ఏమన్న ఉన్నయా? శానమంది తల్లులకు వస్తయి." రెండో మాట లేకుండా మొదటిది అడిగితే జవాబు రాదని కూడా పోనుపోను తెలుసుకున్నాను. ఎక్కువమంది లేదంటారు, నిజంగానే ఉండదు. కొందరు మాత్రం లేదనేముందు ఒకసారి తలుపు వైపు చూస్తారు, ఎవరైనా వింటున్నారేమోనని. అట్లాంటి ఇంట్లో నేను భుజాన వేసుకున్న సంచి మళ్లీ కింద పెట్టి, ఆ తలుపు దగ్గరికి వేసి, కూర్చునేదాన్ని.